ముగ్గురే మిగిలితే...

ఐస్ హాకీలో ఓ ఆటగాడు తప్పు చేస్తే రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. ఆ రెండు నిమిషాలూ తక్కువమందితో గోల్‌పోస్టును ఎలా కాపాడుకోవాలో నేర్పేందుకే అక్కడ ప్రత్యేకంగా ఓ కోచ్ ఉంటాడు. మంచు మొహమే చూడని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మట్టి మైదానాల్లోనూ సరిగ్గా ఆ విద్యే కావాలి. కాకపోతే ఇక్కడ ఆట పేరు వేరు... కబడ్డీ!

‘రానియ్‌ రా... రానియ్! ఉరకకు!’

పాలమూరు పల్లెల్లో జాతర అయినా, సంక్రాంతి అయినా కబడ్డీ కోర్టు గీస్తే చాలు, చుట్టూ జనం మూగిపోతారు. ఏడుగురితో మొదలైన జట్టులో ఒక్కొక్కరే ఔటై బయటకెళ్లి కూర్చుంటారు. ఆరు... అయిదు... నాలుగు... చివరికి ముగ్గురే మిగులుతారు. అవతలి జట్టులోంచి మంచి ఊపుమీదున్న కుర్రాడు తొడ చరిచి కూతకొస్తాడు. చుట్టూ ఉన్న వందమందీ ‘పట్టు... పట్టు’ అని అరుస్తుంటారు. గీత అవతల నిలబడ్డ డ్రిల్లు సారు ఒక్కడే ‘రానియ్’ అంటాడు.

వందమంది చెప్పేది తప్పు. ఆ ఒక్కడు చెప్పేది ఒప్పు. ఎందుకో తెలియాలంటే ముందు కొంచెం లెక్క చూడాలి.

లాభం రెండు... నష్టం అయిదు

కూతకొచ్చినవాణ్ని మామూలుగా పడితే ఒక పాయింటు. అదే కోర్టులో ముగ్గురో అంతకన్నా తక్కువమందో ఉన్నప్పుడు పడితే ఇంకొకటి అదనంగా కలిసి రెండు వస్తాయి. దాన్నే ‘సూపర్ ట్యాకిల్’ అంటారు. పాయింట్లతోపాటు బయట కూర్చున్నవాళ్లలో ఒకరు లోపలికొస్తారు. వినడానికి బాగానే ఉంది. మరి పట్టు జారితే?

పట్టుకోబోయి అతణ్ని తాకిన వాళ్లంతా ఔట్. ముగ్గురూ ఒక్కసారే మీదపడి, అతను ఎలాగోలా మధ్యగీతను అందుకున్నాడనుకోండి... ముగ్గురికీ మూడు పాయింట్లు, జట్టు మొత్తం ఔటైనందుకు మరో రెండు. వెరసి అయిదు! ముప్ఫై సెకన్ల కూతలో అయిదు పాయింట్లు పోగొట్టుకున్న జట్టు మళ్లీ కోలుకోవడం కష్టం. అదే ఒక్కడే వెళ్లి విఫలమైతే పోయేది ఒక పాయింటు. ఇంకా ఇద్దరుంటారు. ఆట బతికే ఉంటుంది.

అంటే ముగ్గురు మిగిలినప్పుడు ధైర్యం ఒక్కటే సరిపోదు. ముందు ఎవరు కదలాలి, మిగతా ఇద్దరు ఎంతసేపు ఆగాలి, ఏ క్షణాన తోడు వెళ్లాలి అన్నది ముందే తేలిపోయి ఉండాలి. కూతగాడు లోపలికొచ్చాక చర్చించుకునే తీరిక ఎవరికీ ఉండదు.

మంచుమీద నలుగురు

ఐస్ హాకీవాళ్లకు ఈ సంగతి ఎప్పుడో అర్థమైంది. ఆ ఆటలో గోల్‌కీపరుతో కలిపి ఒక్కో జట్టుకు ఆరుగురు. కర్రతో అవతలివాణ్ని పడేయడం, పట్టుకు లాగడం లాంటి చిన్న తప్పులకు రెండు నిమిషాల శిక్ష. తప్పు చేసినవాడు అద్దాల పెట్టె లాంటి గదిలో కూర్చుంటే అతని జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి. ఆ కాసేపు గోల్ పడకుండా నెట్టుకురావడాన్నే ‘పెనాల్టీ కిల్’ అంటారు. ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్ జట్లలో ఈ పనిని సాధారణంగా ఓ సహాయ కోచ్‌కు అప్పగిస్తారు. ఎదుటి జట్టు ఎటు నుంచి ఎటు బంతి... అదే, పక్‌... అందించుకుంటుందో వీడియోలు చూసి, తన నలుగురినీ ఎక్కడ నిలబెట్టాలో తేల్చడమే అతని పని.

అతను నేర్పే మొదటి పాఠం అన్నీ కాపాడాలని చూడొద్దని. నలుగురూ గోల్ ముందు నలుచదరంగా నిలబడి, అంచులను ఎదుటివాళ్లకు వదిలేస్తారు. దూరం నుంచి ఎన్ని కొట్టినా కొట్టనీ... నడిమధ్య దారి మాత్రం మూసేస్తారు. చేతికి పక్ దొరికిందా, దాన్ని అవతలి చివరకు కొట్టేస్తారు. మామూలప్పుడు అలా కొడితే ఆట ఆపేస్తారు. మనిషి తక్కువున్న జట్టుకు మాత్రం ఆ వెసులుబాటు ఉంది. ప్రత్యర్థులు వెళ్లి దాన్ని తెచ్చుకునేలోపు కొన్ని సెకన్లు గడిచిపోతాయి. ఆ సెకన్లే కావాలి వాళ్లకు.

ఒకప్పుడైతే ఇది ఇంకా గండంగా ఉండేది. గోల్ పడ్డా సరే, రెండు నిమిషాలూ పూర్తయ్యేదాకా శిక్ష పడ్డవాడు లోపలికి రావడానికి వీల్లేదు. 1955 నవంబరులో మాంట్రియల్ జట్టు ఆటగాడు జాన్ బెలివో బోస్టన్‌మీద ఇలాంటి సమయంలోనే 44 సెకన్లలో మూడు గోల్స్ కొట్టాడు! ఆ జట్టు ధాటికి ఆ మరుసటి సీజన్ నుంచి నిబంధనే మారిపోయింది. చిన్న తప్పుకు శిక్ష పడినప్పుడు ఒక గోల్ పడితే చాలు, బయటున్నవాడు తిరిగి రావచ్చు. ఇప్పుడు ఆ లీగ్‌లో జట్లు సగటున అయిదింట నాలుగుసార్లు ఈ గండాన్ని గోల్ ఇవ్వకుండానే గట్టెక్కుతున్నాయి. మనిషి తక్కువున్నా నిలబడొచ్చనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి!

మన దేశంలో ఐస్ హాకీ అనగానే గుర్తొచ్చేది లద్దాఖ్. ఎండాకాలం బండలు పేలే కృష్ణాతీరంలో ఆ ఆట ఊసే లేదు. కానీ తమాషా ఏమిటంటే కబడ్డీలోనూ అచ్చంగా ఆ రెండు నిమిషాల శిక్షే ఉంది. గ్రీన్ కార్డు చూపిస్తే హెచ్చరిక. ఎల్లో కార్డు చూపిస్తే రెండు నిమిషాలు బయటికి. అంతసేపూ జట్టు ఒక మనిషి తక్కువతోనే ఆడాలి. కార్డులదాకా ఎందుకు? అసలు కబడ్డీ అంటేనే మనుషులు తగ్గుతూ, పెరుగుతూ సాగే ఆట. ఐస్ హాకీలో అప్పుడప్పుడూ వచ్చే గండం ఇక్కడ ప్రతి పది నిమిషాలకూ ఎదురవుతుంది.

పోయినవాడు తిరిగొస్తే...

పాతతరంవాళ్లు ఆడిన చెడుగుడులో మూడు పద్ధతులుండేవి. ‘అమర్‌’లో ఔటైనవాడు బయటికి వెళ్లడు, పాయింటు మాత్రం పోతుంది. ‘గామిని’లో ఔటైతే అంతే సంగతులు. జట్టులో చివరివాడు పోయేదాకా మళ్లీ లోపలికి రాకూడదు. ‘సంజీవని’లో ప్రత్యర్థుల్లో ఒకరు ఔటైతే మనవాళ్లలో ఒకరు బతికొస్తారు. ఇప్పుడు ప్రపంచమంతా ఆడుతున్నది ఈ సంజీవని పద్ధతే. పేరు ఎవరు పెట్టారోగానీ, భలే పెట్టారు.

బతికొచ్చేవాళ్లకు ఓ వరస ఉంటుంది. ముందు ఔటైనవాడే ముందు లోపలికొస్తాడు. మంచి కోచ్ కళ్లు కోర్టుమీద ఎంత ఉంటాయో, బయట వరసగా కూర్చున్నవాళ్లమీదా అంతే ఉంటాయి. జట్టులో కూతకెళ్లే మొనగాడు వరసలో మూడోవాడైతే, అతను రావాలంటే అవతలివాళ్లు ముగ్గురు ఔటవ్వాలి. అప్పటిదాకా లోపలున్న ముగ్గురూ ఆటను బతికించాలి.

బతికించడం అంటే ఇక్కడా సెకన్లు కరిగించడమే. కూతకు గడువు ముప్ఫై సెకన్లు. ముగ్గురే ఉన్న జట్టునుంచి వెళ్లే కూతగాడు పాయింటు కోసం తెగబడితే, పట్టుబడి జట్టును ఇద్దరికి దించేస్తాడు. అందుకే నెమ్మదిగా వెళ్లి, మధ్యగీతకు 3.75 మీటర్ల దూరంలో ఉండే బాక్ గీతను ఒకసారి దాటి, గడువు ముగిసేలోపు క్షేమంగా తిరిగొస్తే అదే పదివేలు. చూసేవాళ్లకు విసుగు పుడుతుంది. ‘ఏందిరా ఈ ఆట’ అని ఈలలు వేస్తారు. వేయనీ!

అయితే ఎప్పుడూ అలాగే గడిపేద్దామంటే కుదరదు. ప్రొ కబడ్డీ లీగ్ నిబంధనల ప్రకారం ఒక జట్టు వరసగా రెండు కూతలు ఖాళీగా తిరిగొస్తే మూడో కూతలో పాయింటు తేవాల్సిందే. లేకుంటే వెళ్లినవాడు ఔట్. ‘డూ ఆర్ డై’ అంటారు దాన్ని. లీగ్‌కు టెక్నికల్ డైరెక్టరుగా పనిచేసిన ద్రోణాచార్య అవార్డు గ్రహీత ఇ.ప్రసాదరావు లాంటి పెద్దలు ఆట టీవీలో చప్పగా సాగకుండా చూసేందుకు పట్టుపట్టి కూర్చున్నారు మరి. ఊరి పోటీల్లో ఏ నిబంధన పెడతారో అది నిర్వాహకుల ఇష్టం. టాస్ వేయకముందే అడిగి తెలుసుకోవడం కోచ్ బాధ్యత. తెలుసుకోక ఓడినవాళ్లకు తర్వాత వాదించడానికి ఏమీ మిగలదు.

ఎర వేయాలి

ఇక అసలు విద్య... పట్టు. మగవాళ్ల కోర్టులో ఒక సగం 6.5 మీటర్ల లోతు, పక్కల లాబీలు పోను 8 మీటర్ల వెడల్పు. అంటే 52 చదరపు మీటర్లు. ఏడుగురున్నప్పుడు తలా ఏడెనిమిది మీటర్లు కాచుకుంటే సరిపోతుంది. ముగ్గురే ఉంటే ఒక్కొక్కరికీ పదిహేడు! చేతులు పట్టుకుని గొలుసుగా నిలబడదామన్నా మనుషులు చాలరు.

పైగా మరో చిక్కుంది. లోపల ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడే బోనస్ పాయింటు. కాబట్టి అప్పుడు కూతగాడు బోనస్ గీత కోసం లోతుకు కాలు చాపుతాడు. మూలనున్నవాడు ఆ కాలిమడమ దొరకబుచ్చుకుంటాడు. ముగ్గురే ఉన్నప్పుడు బోనస్ లేదు. అతనికి లోతుకు రావాల్సిన అవసరమూ లేదు. బాక్ గీత దాటి, అక్కడే అటూ ఇటూ తిరిగి, ఎవరైనా ఆవేశపడి ముందుకొస్తే తాకి వెళ్లిపోదామని చూస్తాడు. మధ్యగీత అతనికి రెండంగల దూరమే. అక్కడ పట్టుకుంటే ఎంతటి బలవంతుడైనా ఈడ్చుకుంటూ వెళ్లి గీత అందుకుంటాడు.

కాబట్టి అతణ్ని లోపలికి రప్పించాలి. డ్రిల్లు సారు ‘రానియ్’ అన్నది ఇందుకే!

మూలల్లో ఇద్దరు, నడుమ ఒకరు... ఇదీ ఎక్కువమంది ఎంచుకునే అమరిక. నడుమనున్నవాడు వెనక్కి వెనక్కి జరుగుతాడు, భయపడినట్టు. ఒక మూలవాడు కాస్త ఏమరుపాటుగా ఉన్నట్టు కనిపిస్తాడు. రెండో మూలవాడు కదలడు. కూతగాడు ఏమరిచినట్టున్నవాడి వైపు చెయ్యి చాపుతూ ఓ అడుగు ఎక్కువ వేస్తాడు. ఆ అడుగు కోసమే ఇదంతా. చెయ్యి చాపాక వెనక్కి తిరగాలి కదా... ఒంటి బరువంతా ఒక కాలిమీదికి వచ్చే ఆ క్షణంలో మూలవాడు చీలమండ పడతాడు. నడుమనున్నవాడు నడుము పడతాడు. మూడోవాడు? అతను పట్టుకోడు! కూతగాడికీ మధ్యగీతకూ నడుమ అడ్డంగా వస్తాడు. ముగ్గురూ మూడు చోట్ల ఉండాలి, ముగ్గురికీ ఒకే ఊపిరి ఉండాలి.

ఈ మూడో మనిషిని తయారుచేయడమే కష్టమని ఆట తెలిసినవాళ్లంటారు. కాలు పట్టినవాడి పేరు మైకులో చెబుతారు. నడుము పట్టినవాణ్ని జనం భుజాలకెత్తుకుంటారు. అడ్డం నిలబడినవాణ్ని ఎవరూ చూడరు.

ఓడిపోయే తెలివి

పట్టుకోవడమే కాదు, కొన్నిసార్లు వదిలేయడమూ తెలియాలి. లోపల ఒక్కడే మిగిలాడు. ఆట మొదలై పది నిమిషాలే అయింది. అతను ఔటైతే ఒకటి, ఆలౌటుకు రెండు... మొత్తం మూడు పాయింట్లు పోతాయి. కానీ ఏడుగురూ తిరిగొస్తారు, కూతకెళ్లే మొనగాడితో సహా. అలా కాకుండా ఆ ఒక్కణ్నే నాలుగు నిమిషాలు సాగదీస్తే అంతసేపూ జట్టులో మంచివాళ్లంతా బయట కూర్చుని గోళ్లు కొరుక్కోవాలి. మొదటి సగంలో అయితే చాలామంది కోచ్‌లు ఆలౌటుకే సిద్ధపడతారు. అదే చివరి రెండు నిమిషాల్లో, ఒక్క పాయింటు ఆధిక్యంలో ఉన్నప్పుడైతే? ప్రాణం పోయినా సరే ఆ ఒక్కడు నిలబడాల్సిందే. ఒకే పరిస్థితి, గడియారం మారితే జవాబు మారిపోతుంది. పద్నాలుగేళ్ల పిల్లాడికి ఇది అర్థమయ్యేలా చెప్పడం మాటలు కాదు.

డిఫెన్స్‌ను తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో దేశం మొత్తానికీ తెలిసొచ్చిన రోజొకటుంది. 1990లో కబడ్డీ ఆసియా క్రీడల్లోకి వచ్చినప్పటి నుంచి 2014 దాకా ఏడుసార్లూ పురుషుల స్వర్ణం మనదే. 2018లో జకార్తాలో సెమీఫైనల్లోనే 18-27తో ఇరాన్ చేతిలో ఓడిపోయాం. ఇరాన్ ఆటగాళ్లు కుస్తీపట్ల గడ్డనుంచి వచ్చినవాళ్లు. మన మొనగాళ్లను వచ్చినవాణ్ని వచ్చినట్టు పట్టేశారు. మహిళల ఫైనల్లోనూ ఆ దేశానిదే గెలుపు, 27-24తో. ఆ అమ్మాయిలకు శిక్షణ ఇచ్చింది మన నాసిక్‌కు చెందిన శైలజా జైన్ కావడం కొసమెరుపు! 2023లో హాంగ్జౌలో జరిగిన క్రీడల్లో రెండు స్వర్ణాలనూ తిరిగి తెచ్చుకున్నాకగానీ మన అభిమానుల మనసు కుదుటపడలేదు.

తెలుగువాళ్లకు మరో చేదు జ్ఞాపకమూ ఉంది. ప్రొ కబడ్డీ ఎనిమిదో సీజన్లో తెలుగు టైటాన్స్ 22 మ్యాచ్‌లాడి ఒక్కటే గెలిచింది. ఆ తర్వాత 2022లో లీగ్‌లోకెల్లా గొప్ప డిఫెండర్లలో ఒకడైన మంజీత్ చిల్లర్‌ను సహాయ కోచ్‌గా తెచ్చుకుంది. అయినా ఆ ఏడాది గెలిచినవి రెండే. నేర్పేవాడు ఎంత గొప్పవాడైనా పట్టు ఒక్క సీజన్లో అబ్బదు. ఒకరి ఊపిరి ఒకరికి తెలిసేదాకా ముగ్గురూ కలిసి ఆడాలి మరి. 2025 సీజన్లో ప్లేఆఫ్స్ చేరాకగానీ ఆ జట్టు అభిమానులు తలెత్తుకోలేకపోయారు.

నల్లరేగడిలో... ఎర్రచెలకలో

2016 అక్టోబరులో పాత పాలమూరు జిల్లా విడిపోయి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. జిల్లాలు వేరైనా నేల తీరు మారదుగా! అలంపూర్ వైపు నల్లరేగడి. వానొస్తే కాలు దిగబడుతుంది, ఎండాకాలం నెర్రెలిస్తుంది. నాగర్‌కర్నూల్ వైపు ఎర్రచెలక, గరుకు నేల. రబ్బరు మ్యాట్‌మీద ఆడేవాడికి మోకాళ్లమీద జారి చీలమండ పట్టడం అలవాటే. గరుకు నేలమీద అదే చేస్తే మోకాలిచిప్ప మీద తోలు ఉండదు. అందుకని మట్టిలో నేర్చుకున్న పిల్లలకు నిలబడి నడుము పట్టడం, తొడ పట్టడం బాగా వస్తుంది. కింద పడి కాలు పట్టడానికి వెనకాడతారు. తీరా రాష్ట్రస్థాయికి వెళ్తే అక్కడ మ్యాట్! బూట్లు వేసుకుని దానిమీద కాలు నిలదొక్కుకోవడానికే సగం ఆట అయిపోతుంది.

అందుకే తెలివైన సార్లు కోర్టును మెత్తగా దున్నించి, రాళ్లు ఏరించి, నీళ్లు చల్లించాకే పిల్లల్ని పట్లు వేయనిస్తారు. గోళ్లు తీయించుకుని రావాలి. ఒంటికి నూనె రాసుకోకూడదు. ఇవి సారు చాదస్తం కాదు, ఆట నిబంధనలే. మెడ పట్టడం, నోరు మూయడం, రెండు కాళ్ల నడుమ కత్తెరలా బిగించడం... ఇవన్నీ నిషిద్ధం. పిల్లలు కబడ్డీ ఆడతామంటే ‘కాళ్లూ చేతులూ విరుగుతాయ్’ అని భయపడే అమ్మానాన్నలు సారును మొదట అడగాల్సింది కూడా ఇవే.

చాలా ప్రభుత్వ బడుల్లో ఖోఖో నుంచి పరుగు పందేలదాకా అన్నింటికీ ఉండేది ఒకే వ్యాయామ ఉపాధ్యాయుడు. ఐస్ హాకీ జట్టులో ఒక్క గండానికే ఒక కోచ్‌, ఇక్కడ అన్ని గండాలకూ ఒకే సారు! ఆయన చేతిలో ఉన్న గంట సమయంలో పిల్లలంతా కూతకే ఎగబడతారు. ఎందుకెగబడరు? టీవీలో పేరు మోగేది కూతగాడిదే. మూలలో నిలబడమంటే మొహం ముడుచుకుంటారు. కానీ ఎంపికలకు వెళ్లినప్పుడు కథ వేరు. కూతకెళ్లేవాళ్లు వరసకట్టి ఉంటారు. నమ్మకమైన మూలవాడు మాత్రం వెతికినా దొరకడు. కూలికోసం ఊళ్లు దాటే కుటుంబాల నుంచి వచ్చిన పిల్లలకు రాష్ట్రస్థాయి, జాతీయస్థాయి సర్టిఫికెట్ చిన్న విషయం కాదు. కాలేజీ సీటుకైనా, పోలీసు ఉద్యోగానికైనా స్పోర్ట్స్ కోటా అన్న మాట ఇంట్లో ఎంత బరువైనదో వాళ్లకే తెలుసు. మూలలో నిలబడ్డ పిల్లాడికి ఆ దారి కాస్త దగ్గర.

ఆ సంగతి తెలిసిన సార్లు సాధనలో ఓ చిన్న మార్పు చేస్తారు. ఏడుగురిని ఏడుగురితో ఆడించడం తగ్గించి, ముగ్గురినే కోర్టులో నిలబెడతారు. అవతల్నుంచి ఒకరి తర్వాత ఒకరు పదిమంది కూతకు రావాలి. ఆ ముగ్గురూ ఎంతమందిని ఆపుతారన్నదే లెక్క. వారం తర్వాత ముగ్గుర్నీ మారుస్తారు. అమ్మాయిల జట్టుకైనా ఇదే పద్ధతి. మొదటి రోజుల్లో ముగ్గురూ ఒకేసారి దూకుతారు, ఒకరి తల ఒకరికి తగులుతుంది, కూతకొచ్చిన పిల్ల నవ్వుకుంటూ గీత దాటేస్తుంది.

పది పన్నెండు రోజులకు ఓ సాయంత్రం... మసకచీకట్లో గీతలు సరిగా కనిపించవు. కూతకొచ్చిన పిల్ల అటూ ఇటూ తిరుగుతుంది. ముగ్గురిలో ఎవరూ కదలరు. పది సెకన్లు... ఇరవై సెకన్లు. చెయ్యి చాపుతూ ఒక్క అడుగు లోపలికేస్తుంది. ఎవరూ అరవలేదు, సారు కూడా. దుమ్ము లేస్తుంది. దుమ్ము తగ్గేసరికి ఇద్దరు ఆ పిల్లను పట్టుకుని కింద ఉంటారు. మూడో అమ్మాయి మధ్యగీతకు ఇవతల చేతులు చాచి నిలబడి ఉంటుంది.

సారు ఈల వేస్తాడు. ‘ఇంకోసారి’ అంటాడు.